గిటార్‌కి ఏ నంబర్ తీగలు వేయాలి? చిత్తూరు చెల్లెమ్మకు సమాధానం

ప్రశ్న: అన్నా, నాది చిత్తూరు. జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను, వయసు 36. ఈ మధ్య తెలిసినవాళ్ల దగ్గర పాత అకౌస్టిక్ గిటార్ కొన్నాను, పెద్ద బాడీది. చర్చి కోయర్‌లో వాయించాలని చాలా రోజుల కోరిక. తీగలు తుప్పు పట్టి ఉంటే షాపులో మార్పించాను. సౌండ్ గట్టిగా వస్తుందని షాపాయన 13 సెట్ వేశాడు. అప్పటి నుంచి పది నిమిషాలు వాయిస్తే చాలు, వేళ్లు మండిపోతున్నాయి. ఎఫ్ కార్డ్ అయితే అసలు పలకడం లేదు. మా చిన్నాన్న కొడుకు ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాడు, "9 సెట్ వేసుకో అక్కా, నొప్పే ఉండదు" అంటాడు. మా కోయర్ మాస్టారేమో 12 కంటే తగ్గితే కేరల్స్‌లో వినిపించదు అంటున్నారు. క్రిస్మస్‌కి ఇంకా రెండు నెలలు ఉంది. ఏ నంబర్ వేసుకోవాలి? ఎన్నాళ్లకోసారి మార్చాలి? ఈ వయసులో వేళ్లు ఇక తిరగవేమో అని కూడా భయంగా ఉంది.

సమాధానం: చెల్లెమ్మా, 11 సెట్ వేసుకోండి. ప్యాకెట్ మీద 11-52 అని ఉంటుంది. కానీ ఒక మాట ముందే చెప్పాలి, తీగలు మార్చినంత మాత్రాన మీ ఎఫ్ కార్డ్ పలుకుతుందని నాకు నమ్మకం లేదు. మీరు రాసింది చదివితే రెండు ఇబ్బందులు కలిసి ఉన్నట్టు కనిపిస్తోంది: తీగలు లావు, ఫ్రెట్ బోర్డ్ (వేళ్లతో నొక్కే మెడ పలక, దాని మీది అడ్డ కడ్డీలే ఫ్రెట్‌లు) నుంచి వాటి ఎత్తు కూడా ఎక్కువ. షాపాయన, మీ తమ్ముడు, మాస్టారు ముగ్గురూ మందం గురించే మాట్లాడారు. ఎత్తు ఎంతుందో ఎవరూ కొలిచినట్టు లేదు. ఇక్కడ తిరుపతిలో నేను గిటార్ నేర్పుతాను. వేళ్లు నొప్పి అంటూ పిల్లలు తెచ్చే గిటార్లలో ఎక్కువ వాటికి అసలు జబ్బు ఈ ఎత్తే. దాన్ని సరిచేస్తే అదే పిల్లాడు అదే వారం బారే కార్డ్, అంటే మీ ఎఫ్ లాగా ఒకే వేలు తీగల మీద అడ్డంగా వేసి పట్టే స్వరాల గుంపు, పట్టేస్తాడు, అప్పటిదాకా తన చేతిలోనే ఏదో లోపం ఉందని కుమిలిపోతూ ఉంటాడు. కాబట్టి వయసు సంగతి మనసులోంచి తీసేయండి. 36 ఏళ్ల వేళ్లకు ఏమీ కాలేదు.

ముందు ఈ నంబర్ల సంగతి. 11, 12, 13 అంటే మొదటి తీగ, అంటే అన్నిటికంటే సన్నటి తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 13 అంటే 0.013 అంగుళం, మన లెక్కలో 0.33 మి.మీ. 12 అంటే 0.30, 11 అంటే 0.28, 10 అంటే 0.25 మి.మీ. 11-52లో రెండో అంకె అన్నిటికంటే లావు తీగది. ఇంత చిన్న తేడా కంటికి ఆనదు, మీరు కాలేజీలోనే పనిచేస్తున్నారు కాబట్టి ఫిజిక్స్ ల్యాబ్‌లో స్క్రూ గేజ్ అడిగి మొదటి తీగ కొలిపించండి, నిజంగా 13 వేశారో లేదో అర నిమిషంలో తేలిపోతుంది. పాత గిటార్ కొన్నప్పుడు, ప్యాకెట్ పారేసినప్పుడు ఇంతకంటే నమ్మకమైన మార్గం నాకు తెలియదు.

0.05 మి.మీ. తేడాకి వేళ్లు మండిపోతాయా అంటే, మండుతాయి. అదే ల్యాబ్‌లో సోనోమీటర్ ఉంటుంది, మీరు ఇంటర్‌లో సైన్స్ చదివి ఉంటే దాని మీద తీగ బిగించి బరువులు వేలాడదీసిన ప్రయోగం గుర్తుండవచ్చు. తీగ పొడవు మారకూడదు, శ్రుతి మారకూడదు, తీగ మాత్రం లావుగా ఉండాలి అంటే బిగువు పెంచక తప్పదు, అదీ మందం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. గిటార్‌లో పొడవు మారదు, శ్రుతీ మారదు. అందుకని 11 బదులు 13 వేస్తే మొదటి తీగలో బిగువు దాదాపు 40 శాతం పెరుగుతుంది, మందం పెరిగింది 18 శాతమే అయినా. ఆరు తీగలూ కలిపి చూస్తే, మామూలు శ్రుతిలో 10 సెట్ గిటార్ మీద వేసే లాగుడు సుమారు 61 కిలోలు, 11 అయితే 68, 12 అయితే 74, 13 అయితే 85 దాకా. కంపెనీని బట్టి, గిటార్ పొడవును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ మెట్లు మాత్రం ఇవే. అంటే మీ గిటార్ మెడ, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చెక్క ముక్క), మీ ఎడమ చెయ్యి, మూడూ 11 సెట్‌తో పోలిస్తే 17 కిలోల అదనపు లాగుడుతో పోరాడుతున్నాయి.

ఇక్కడొక చక్కటి వీలుంది. 11 సెట్ ఎలా ఉంటుందో తీగలు కొనకముందే ఈ రాత్రే మీరు తెలుసుకోవచ్చు. ఇప్పుడున్న 13 తీగలనే రెండు ఫ్రెట్‌ల మేర కిందికి దించి శ్రుతి చేయండి, లావు తీగ నుంచి వరసగా డి, జి, సి, ఎఫ్, ఏ, డి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే చాలు. శ్రుతి రెండు ఫ్రెట్‌లు దిగితే బిగువు 20 శాతం పైన తగ్గుతుంది, 85లోంచి అంత తీసేస్తే మిగిలేది ఇంచుమించు 68, అంటే మామూలు శ్రుతిలో 11 సెట్ ఎంత లాగుతుందో అంతే. అలా దించి ఒక పావుగంట వాయించండి. మామూలు కార్డ్‌లు, జి, సి, డి, ఇ మైనర్, హాయిగా అనిపిస్తే మందం విషయంలో మీ ప్రశ్నకు మీ చెయ్యే జవాబు చెప్పినట్టు. తీగలు కాస్త జర్రుమనవచ్చు, పరీక్ష కోసమే కాబట్టి పట్టించుకోకండి.

అప్పటికీ ఎఫ్ కార్డ్ మొండికేస్తే కారణం వేరే. తీగలను తిరిగి మామూలు శ్రుతికి తెచ్చి, అదే ఎఫ్ ఆకారాన్ని అయిదో ఫ్రెట్ దగ్గర పట్టి చూడండి, అది ఏ మేజర్ అవుతుంది. అక్కడ పలికి మొదటి ఫ్రెట్ దగ్గర పలకకపోతే దోషం నట్‌ది. నట్ అంటే తల దగ్గర తీగలు కూర్చునే తెల్లటి ముక్క. దాని గాడులు లోతు తక్కువైతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ మరీ పైన ఉంటుంది, ఎంత బలంగా నొక్కినా ఒకటో రెండో తీగలు మూగపోతాయి. తక్కువ ధర గిటార్లలో ఇది సర్వసాధారణం, ఫ్యాక్టరీలో గాడి పైపైన కోసి వదిలేస్తారు, ఆ తర్వాతి పని ఎవరిదీ కాకుండా పోతుంది. కొలవడం తేలికే: తీగను రెండో, మూడో ఫ్రెట్‌ల మధ్య నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎంత సందు ఉందో చూడండి. ఒక మామూలు కాగితం దూరేంత సందు ఉంటే చాలు. పోస్టు కార్డు దూరుతోందంటే నట్ గాడులు దింపించాలి.

తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర ఎత్తు. దీనికి ఏటీఎం కార్డులు బాగా పనికొస్తాయి, ఒక్కోటి 0.76 మి.మీ. మందం, ఏ బ్యాంకుదైనా అంతే. గిటార్‌ని శ్రుతి చేసి, వాయించేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పెట్టుకుని, పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ కింద కార్డులు దొంతరగా పెట్టండి. మూడు కార్డులు తీగను పైకి నెట్టకుండా ఇమిడితే ఎత్తు 2.3 మి.మీ. దగ్గర ఉన్నట్టు, అది మంచిది. నాలుగు ఇమిడితే ఎక్కువ. అయిదు ఇమిడితే ఆ గిటార్ మీద ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే. సన్న తీగ దగ్గర రెండు కార్డులు సరిపోతాయి. ఎత్తు ఎక్కువుంటే బ్రిడ్జ్ మీద ఉండే శాడిల్‌ను, అంటే తీగలు ఆనే సన్నటి పట్టీని, తీసి అడుగు వైపు అరగదీస్తారు, పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటర్ తగ్గాలంటే శాడిల్‌లో ఒక మిల్లీమీటర్ పోవాలి. ఇది ఇంట్లో కూడా చేసుకోవచ్చు గానీ ఎక్కువ అరిగిస్తే వెనక్కి రాదు, మొదటిసారి తెలిసినవాళ్ల చేత చేయించండి.

మెడ వంపు కూడా చూడాలి. 13 సెట్ లాగుడుకి మెడ ముందుకు వంగి ఉండే అవకాశం ఉంది. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలుతో, మెడ బాడీలో కలిసే చోట ఇంకో చేత్తో లావు తీగను నొక్కి పట్టుకుని మధ్యలో ఆరేడు ఫ్రెట్‌ల దగ్గర సందు చూడండి, 0.2, 0.3 మి.మీ. మధ్య ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ బిగించాలి, మెడ లోపల ఉండే ఇనుప కడ్డీ అది. తల దగ్గర చిన్న మూత కిందో, బాడీ మీది రంధ్రం లోపలి నుంచో దాన్ని బిగించే మర కనిపిస్తుంది. మీది పాత గిటార్ అన్నారు, కొన్నిటికి ఈ కడ్డీ అసలు ఉండదు. అలాంటి గిటార్ మీద 13 సెట్ వేయడం నాకు సుతరామూ ఇష్టం లేదు, వంగిన మెడను వెనక్కి తెచ్చే దారి ఉండదు కాబట్టి. కడ్డీ లేదని తేలితే మీరు 11 కంటే పైకి వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి, 10 సెట్ అయినా నేను వద్దనను.

ఇంకో పరీక్ష కూడా తప్పకుండా చేయండి. బ్రిడ్జ్ వెనక అంచు కిందికి కాగితం తోసి చూడండి. దూరితే బ్రిడ్జ్ జిగురు వదులుతోందన్నమాట, వెంటనే తీగలన్నీ వదులు చేసి రిపేరుకి ఇవ్వండి, ఆ స్థితిలో ఏ నంబర్ తీగలూ బిగించకండి. మన చిత్తూరు, తిరుపతి ఎండల్లో ఇది మరీ ముఖ్యం. రోహిణి కార్తెలో తలుపులు మూసిన కారులో గిటార్ వదిలేస్తే జిగురు మెత్తబడుతుంది, పైన 85 కిలోల లాగుడు ఉంటే బ్రిడ్జ్ లేచి రావడానికి ఒక మధ్యాహ్నం చాలు. దానికి విరుద్ధంగా ఇప్పుడు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల తేమకి చెక్క ఉబ్బి తీగల ఎత్తు కాస్త పెరుగుతుంది. మీరు ఇప్పుడు సరిచేయించినా కేరల్స్‌కి ముందు మళ్లీ ఒకసారి ఏటీఎం కార్డులతో కొలుచుకోండి.

పనుల వరస తప్పకూడదు. చాలామంది ముందు ఎత్తు సరిచేయించి, తర్వాత తీగలు మారుస్తారు, అది తిరగబడిన పని. లాగుడు తగ్గితే మెడ తనంతట తాను కొంచెం నిటారు అవుతుంది, తీగలు కిందికి దిగుతాయి, నిన్న సరిగ్గా ఉన్న ఎత్తు ఇవాళ జర్రుమంటుంది. ముందు 11 వేయండి, శ్రుతి చేసి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు కొలవండి, అప్పుడు మెడ, తర్వాత నట్, చివర శాడిల్. రిపేరు మనిషికి ఇచ్చేటప్పుడు "ఇకమీద నేను వాడేది ఈ సెట్టే, దీనికి తగ్గట్టు పెట్టండి" అని కొత్త తీగలు చేతికిచ్చి చెప్పండి. నట్ గాడులు కూడా తీగ మందాన్ని బట్టే ఉండాలి, ఇప్పుడు 13 కోసం గాడులు వెడల్పు చేసి ఉంటే సన్న తీగ అందులో వదులుగా కదులుతుంది, అదీ చూడమనండి. ఇది నెలకో నంబర్ మార్చి చూసే వ్యవహారం కాదని నేను గట్టిగా చెప్పేది అందుకే. ఒక నంబర్ పెట్టుకుని దానికి గిటార్‌ని సర్దించుకుని కనీసం మూడు నాలుగు నెలలు దాని మీదే ఉండండి, చెయ్యికి ఒక అలవాటు కుదరాలి.

మీ తమ్ముడు చెప్పిన 9 సెట్ సంగతి. ప్రేమతోనే చెప్పాడు, ఎలక్ట్రిక్ గిటార్‌కి అది మంచి సెట్టే. కానీ ఎలక్ట్రిక్‌లో తీగ కదలికను పికప్ పట్టుకుంటుంది, ఆంప్లిఫయర్ పెంచుతుంది, తీగకి బలం లేకపోయినా ఫర్వాలేదు. మీ గిటార్‌లో ఆ పని చేసేది పై చెక్క ఒక్కటే. తీగ దాన్ని ఊపాలి. 9-42 ఎలక్ట్రిక్ సెట్ మొత్తం లాగుడు 38 కిలోల దగ్గరే ఉంటుంది, అంత తక్కువతో మీ పెద్ద బాడీ గిటార్ పీలగా మోగుతుంది, కాస్త గట్టిగా స్ట్రమ్ చేస్తే, అంటే తీగలన్నీ ఒకేసారి మీటితే, అవి ఫ్రెట్‌లకు కొట్టుకుంటాయి. పైగా వాటి చుట్టు తీగ కంచు కాదు, నికెల్ పూత ఉక్కు, మూడో తీగకి చుట్టే ఉండదు. వద్దు. నొప్పి లేదు కదా అని నైలాన్ తీగలు వేయమని కూడా ఎవరైనా అనవచ్చు, అవి క్లాసికల్ గిటార్‌కి చేసినవి, మీ దానికి పనికిరావు. దీన్ని తిప్పి చేస్తే ఇంకా ప్రమాదం, క్లాసికల్ గిటార్‌కి ఉక్కు తీగలు బిగిస్తే ఆ పలచటి పై చెక్క తట్టుకోలేదు.

మాస్టారి మాటలో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. లావు తీగ చెక్కను ఎక్కువ ఊపుతుంది, కొట్టే చెయ్యి గట్టిదైనప్పుడు చెదరకుండా నిలబడుతుంది. శ్రుతి బాగా దించి వాయించేవాళ్లు, గట్టి స్ట్రమ్మింగ్ మీద బతికేవాళ్లు 13 వేసుకుంటారు, వాళ్ల అవసరం అది. కానీ 12కీ 11కీ మధ్య శబ్దంలో తేడా, పాత తీగలకీ కొత్త తీగలకీ మధ్య ఉండే తేడా కంటే తక్కువ. నొప్పి పుట్టిన చెయ్యి సగం కార్డ్‌లు సరిగ్గా నొక్కదు, ఆరు తీగల్లో మూడే మోగుతాయి, అప్పుడు 13 సెట్ పెట్టి సాధించిందేముంది? 11 మీద ఆరు తీగలూ శుభ్రంగా మోగించే గిటారే ఎక్కువ వినిపిస్తుంది. ఇది మాస్టారికి కూడా వాయించి చూపించండి, వారు ఒప్పుకుంటారు.

వినిపించడం కోసం చేయగలిగినవి చాలా ఉన్నాయి, అవన్నీ కుడి చేతివి. వేళ్లతో కాకుండా పిక్‌తో (తీగలు మీటే చిన్న ముక్క) వాయించండి, 0.7 నుంచి 0.9 మి.మీ. మందం ఉన్నది. మరీ పలచటి పిక్ తీగకి తగిలి తనే వంగిపోతుంది, చప్పుడే తప్ప స్వరం రాదు. రంధ్రం మీద కాకుండా బ్రిడ్జ్ వైపు ఒకటి రెండు అంగుళాలు జరిగి స్ట్రమ్ చేస్తే ధ్వని పదునుగా ఉండి పాటల మధ్యలోంచి కూడా దూరం వెళ్తుంది. గిటార్ వెనక భాగాన్ని పొట్టకి గట్టిగా అదిమి పెట్టుకోకండి, డిసెంబర్ రాత్రి స్వెటర్ వేసుకుని మరీ అదిమితే వెనక చెక్క ఊగడం ఆగిపోతుంది. కేరల్స్‌కి వీధుల్లో తిరిగేటప్పుడు గిటార్ బెల్టు వేసుకుంటారు కాబట్టి కొంచెం ఏటవాలుగా, ఒంటికి ఎడంగా పెట్టుకోవచ్చు. అయినా పాతికమంది చప్పట్లు కొడుతూ డ్రమ్‌తో పాడుతుంటే ఒక్క అకౌస్టిక్ గిటార్ ఏ సెట్‌తోనూ అందరికీ వినిపించదు, అది తీగల తప్పు కాదు. మీ పక్కన నిలబడి పాడేవాళ్లకి శ్రుతి అందితే చాలు, ఆ పని 11 సెట్ చక్కగా చేస్తుంది.

మీ గొంతు గురించి మీరు రాయలేదు గానీ ఒక సంగతి చెప్తాను, ఎందుకంటే తీగల ఎంపికకీ పాడే శ్రుతికీ సంబంధం ఉంది. ఆదివారం ఆరాధనలో కీబోర్డుతో కలిసి వాయించాలి కాబట్టి మామూలు శ్రుతి తప్పదు. అయితే ఇంట్లో ఒక్కరే పాడుకునేటప్పుడు గొంతుకి కింది శ్రుతి హాయిగా ఉంటే, గిటార్‌ని ఒక ఫ్రెట్ మేర దించి ఉంచి, చర్చికి వెళ్లినప్పుడు మొదటి ఫ్రెట్ మీద క్యాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు, పెట్టుకోవచ్చు. మీరు ఎప్పటికైనా 12కి వెళ్లాలనుకుంటే నేను సూచించేది ఈ దారే. 12 సెట్‌ని ఒక ఫ్రెట్ దించితే లాగుడు 74 నుంచి 66కి వస్తుంది, మామూలు శ్రుతిలో 11 సెట్ లాగుడు కంటే కూడా కాస్త తక్కువే. లావు తీగ నిండుదనం ఉంటుంది, చేతికి 11 హాయి ఉంటుంది, గిటార్‌కి భారం ఉండదు. క్యాపో పెడితే కీబోర్డు శ్రుతి దొరుకుతుంది, నట్ ఇబ్బంది కూడా సగం తప్పుతుంది. వచ్చే ఎండాకాలం తర్వాత ఆలోచించండి, ఇప్పుడే వద్దు.

వేళ్ల విషయం. మంట ఎందుకు పుడుతోందో తెలిసింది కాబట్టి 11 వేసి ఎత్తు సరిచేశాక అది చాలా మేరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు, కొత్తలో కొన్ని వారాలు వేలి కొసలు నొప్పెడతాయి, అది అందరికీ ఉన్నదే. రోజుకు గంట ఒకేసారి కూర్చోకండి, పదేసి నిమిషాలు రెండు మూడు సార్లు వాయించండి. ఫ్రెట్ మధ్యలో కాకుండా ఫ్రెట్ కడ్డీకి ఆనీ ఆనకుండా వెనకే నొక్కితే సగం బలం చాలు. అంట్లు తోమిన వెంటనే, బట్టలు పిండిన వెంటనే గిటార్ పట్టకండి, నీళ్లలో నానిన చర్మం మెత్తబడి ఉంటుంది, తీగ కోసేస్తుంది. అప్పుడే గట్టిపడుతున్న కొసలు మళ్లీ పొరలుగా లేచిపోతాయి. అరగంట ఆగి పూర్తిగా ఆరాక కూర్చోండి. కొసలు బొబ్బలెక్కితే ఒకటి రెండు రోజులు ఆపేయడమే మంచిది.

ఎఫ్ కార్డ్ రెండు నెలల్లో వస్తుంది, కానీ కేరల్స్ దాని కోసం ఆగవు కదా. అప్పటిదాకా కింది నాలుగు తీగల ఎఫ్ వాయించండి: నాలుగో తీగ మూడో ఫ్రెట్, మూడో తీగ రెండో ఫ్రెట్, చూపుడు వేలు మొదటి రెండు తీగల మీద అడ్డంగా మొదటి ఫ్రెట్‌లో. పై రెండు లావు తీగలను కొట్టకండి. పక్కన కీబోర్డో బేస్ గిటారో ఉంటే ఎవరికీ తేడా తెలియదు. లేదా ఎఫ్ వచ్చే పాటల్ని క్యాపోతో జి, డి ఆకారాల్లోకి మార్చుకోండి, ఎఫ్ స్కేల్ పాటకి మూడో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి డి ఆకారంలో వాయిస్తే సరిపోతుంది.

లోహం విషయంలో ఎక్కువ ఆలోచించకండి. దుకాణంలో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. 80/20 బ్రాంజ్ అంటే 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింక్, మొదట్లో చాలా మెరుపుగా మోగుతుంది, తొందరగా మందగిస్తుంది. ఫాస్ఫర్ బ్రాంజ్‌లో రాగి ఇంకా ఎక్కువ, తగరంతో పాటు కొద్దిగా ఫాస్ఫరస్ ఉంటుంది. దీన్ని గిటార్ తీగలకు 1974లో డి అడారియో కంపెనీ తెచ్చింది. ధ్వని వెచ్చగా ఉంటుంది, ఆ మొదటి తళుకు పోయాక కూడా కొంత కాలం బాగుంటుంది. పాటకి తోడుగా వాయించేవాళ్లకి నేను ఫాస్ఫర్ బ్రాంజ్ చెప్తాను. మీ చేతులకు చెమట ఎక్కువ పడుతుందంటే పూత వేసిన తీగలు తీసుకోండి, ధర ఎక్కువ గానీ మన ఉక్కపోతలో మామూలు సెట్ కంటే చాలా రోజులు నిలుస్తాయి. ఎలిక్సిర్ లాంటి కంపెనీలవి అవి. పూత తీగలు వేళ్ల కింద జారుడుగా ఉంటాయి, కొందరికి అదే హాయి.

షాపులో "లైట్ సెట్ ఇవ్వండి" అని మాత్రం అడక్కండి. డి అడారియోలో లైట్ అంటే 12-53, కస్టమ్ లైట్ అంటే 11-52. ఎర్నీ బాల్ ఎర్త్‌వుడ్ తీగల్లో లైట్ అని రాసి ఉన్నది 11-52, మీడియం లైట్ 12-54. పేరు ఒకటే, మందం వేరు. నంబర్ చెప్పి అడగండి, అకౌస్టిక్ అని ఉందో లేదో ప్యాకెట్ మీద చదివి తీసుకోండి. చిత్తూరులో 11 దొరకకపోతే తిరుపతిలోనో వేలూరులోనో చూడండి, లేదా చెన్నై వెళ్లే పని ఎవరికైనా ఉంటే చెప్పి పంపండి, అన్నా సాలైలో 1842 నాటి మ్యూసీ మ్యూజికల్ లాంటి పెద్ద దుకాణాలున్నాయి. ఆన్‌లైన్‌లో కొంటే సీలు విప్పని ప్యాకెట్టేనా చూసుకోండి. ఒకేసారి రెండు సెట్లు తీసుకోండి. మొదటిసారి మార్చేటప్పుడు సన్న తీగ తెగడం మామూలే.

చివరగా, ఎన్నాళ్లకోసారి మార్చాలి అన్నారు. రోజూ అరగంట వాయిస్తే మామూలు తీగలు రెండు మూడు నెలలు వస్తాయి. నెలల లెక్క కంటే తీగనే చూడండి: రంగు మాసి, వేలు జరిపితే గరుగ్గా తగిలి, శ్రుతి చేసినా పై ఫ్రెట్‌లలో కార్డ్‌లు కలవకపోతే దాని పని అయిపోయింది. వాయించాక ప్రతిసారీ పాత నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడిస్తే చాలా రోజులు కలిసొస్తాయి. ఏ నూనే రాయకండి. పాత తీగలు తీసేటప్పుడు ముందు పూర్తిగా వదులు చేసి ఆ తర్వాతే కత్తిరించండి, బిగువు మీద కత్తిరిస్తే కొస కంటికి తగలవచ్చు. కొత్త తీగలు మొదటి ఒకటి రెండు రోజులు సాగుతూ శ్రుతి తప్పుతూనే ఉంటాయి, కాబట్టి కేరల్స్ మొదలయ్యే సాయంత్రం మార్చకండి, నాలుగైదు రోజుల ముందే వేసి రోజూ శ్రుతి చేస్తూ వాయించండి. మిగిలిన రెండో సెట్‌ను గిటార్ సంచిలోనే ఉంచండి, వీధి మధ్యలో ఒక తీగ తెగితే ఇబ్బంది పడకుండా. స్క్రూ గేజ్‌లో మొదటి తీగ ఎంత వచ్చిందో, పన్నెండో ఫ్రెట్ కింద ఎన్ని కార్డులు పట్టాయో, ట్రస్ రాడ్ ఉందో లేదో రాయండి, శాడిల్ ఎంత అరగదీయించాలో లెక్క వేసి చెప్తాను.